ముందు మీటరు పెట్టి చూడండి

నేను సెల్ఫ్ మోటారుని. తెనాలిలో ఒక టీచరమ్మ నడిపే గేర్లు లేని స్కూటరుకి, ఇంజను పక్కన బిగించి ఉంటాను. బటన్ నొక్కగానే తిరగాలి, ఇంజన్ని తిప్పాలి, అది అందుకోగానే తప్పుకోవాలి. అంతే నా ఉద్యోగం.

1984లో కైనెటిక్ హోండా సంస్థ మొదలయ్యాకే ఈ దేశంలో బటన్ స్టార్టు స్కూటరుకి పేరొచ్చింది. అంతకుముందు స్కూటరంటే కిక్కు కొట్టడమే. చీర కట్టుకున్నవాళ్లు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఇంకొకరి సాయం అడక్కుండా బండి తీస్తున్నారంటే అందులో మా వాటా ఉంది. అందుకే నా మీద ఊరికే నింద పడితే నాకు బాధ.

ఒకసారి వానాకాలంలో బటన్ నొక్కితే టక్ టక్ టక్ అనే చప్పుడే తప్ప బండి లేవలేదు. "మోటారు పోయింది మేడమ్, కొత్తది వేసేద్దాం" అన్నాడు ఒక మెకానిక్. ఆ చప్పుడు నాది కాదు, రిలేది. నేను లాగే కరెంటుని చిన్న బటన్ తట్టుకోలేదు. అందుకని బటన్ రిలేని లేపుతుంది, రిలే బ్యాటరీ కరెంటుని లావు వైరు గుండా నాకు పంపుతుంది. బ్యాటరీలో సత్తువ లేకపోయినా, దాని కరెంటు సరిగ్గా అందకపోయినా రిలే అతుక్కోగానే వోల్టేజి పడిపోతుంది, దాంతో రిలే వదిలేస్తుంది. వదలగానే వోల్టేజి లేస్తుంది, మళ్లీ అతుక్కుంటుంది. టకటకలన్నీ అవే.

మోటారు పోయిందన్న మాట నమ్మక టీచరమ్మ ఇంకో మేస్త్రీ దగ్గరికి తోయించింది. "ఉండమ్మా, ముందు బ్యాటరీ చూద్దాం" అని ఆయన మీటరు పెట్టాడు. ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపించింది. నిండు బ్యాటరీ లెక్క అది. బటన్ నొక్కినా అక్కడ 9.5 కిందికి పోలేదు. నా వైరు దగ్గరికొచ్చేసరికి మాత్రం చాలా తక్కువ. టర్మినల్ విప్పితే పచ్చటి చిలుము! గీకి, బిగించి, పైన వ్యాజిలిన్ పూశాడు. ఒక్క నొక్కుకే తిరిగాను.

బ్రేకు స్విచ్ సంగతీ చాలామందికి తెలీదు. బ్రేకు పట్టకుండా బటన్ నొక్కితే బండి ముందుకి దూకుతుందని, నా దారిలో దాన్ని కాపలా పెట్టారు. బ్రేకు పట్టినా వెనక ఎర్రలైటు వెలగకపోతే, బల్బు బాగుంటే, అనుమానం ఆ స్విచ్ మీదే. నేను గిర్రున తిరుగుతున్నా ఇంజను కదలకపోతే నన్ను ఇంజనుకి కలిపే బెండిక్సో, వన్‌వే క్లచ్చో చూడాలి.

నాకూ అరుగుదల ఉంది. లోపల అయస్కాంతాల నడుమ ఆర్మేచర్ తిరుగుతుంది. దానికి కరెంటు అందించేవి కార్బన్ బ్రష్‌లు, రాసుకుని రాసుకుని పొట్టివైపోతాయి. ఆ నల్లపొడి ఆర్మేచర్ మీది రాగి పలకల సందుల్లో పేరుకుంటుంది. అప్పుడు ఒకచోట ఆగితే తిరగను, మెల్లగా తడితే తిరుగుతాను. కొన్నాళ్లకి నాకూ ఆ స్థితి వచ్చింది. అదే మేస్త్రీ నన్ను విప్పి, పొడి దులిపి, రాగిని మెరిసేలా శుభ్రం చేసి, కొత్త కార్బన్లు వేశాడు. మూత దగ్గర రబ్బరు రింగు కూడా మార్చాడు, నీళ్లు దూరకుండా. కొత్త మోటారు అక్కర్లేకపోయింది.

2020లో బీఎస్6 కాలుష్య నియమాలు వచ్చినప్పటినుంచి చాలా కొత్త స్కూటర్లలో నాలాంటి విడి మోటారు లేదు. కరెంటు పుట్టించే జనరేటరే ఇంజన్నీ తిప్పుతుంది. చప్పుడు లేని ఆ పద్ధతి మంచిదే. అయినా పాత బండ్లున్నన్నాళ్లూ మాతో పని ఉంటుంది.

మీ బండికి నేనుంటే బటన్‌ని ఐదు సెకన్లకి మించి నొక్కకండి, మళ్లీ నొక్కేముందు పది సెకన్లు ఆగండి. వదలకుండా నొక్కితే నా చుట్టలు కాలిపోతాయి, బ్యాటరీ దిగిపోతుంది. మోటారు మార్చాలని ఎవరైనా అంటే, ముందు మీటరు పెట్టి చూపించమని అడగండి.