ముదిగుబ్బ కొండసైకిల్ బాటలు: నిర్మాణం, నిర్వహణ

కొండసైకిల్ అంటే లావు టైర్లు, ముందు షాకబ్జార్బర్లు, బోలెడన్ని గేర్లు ఉన్న సైకిల్. 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్లు పాత సైకిళ్లెక్కి కొండల మట్టిదారుల్లో కిందికి దూసుకురావడంతో ఈ ఆట పుట్టింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో పతకాల పోటీ అయింది. దీనికి నున్నటి రోడ్డు పనికిరాదు. రాళ్లు, గుంతలు, మిట్టలు, మడుగులు ఉండాలి. నగరాల పార్కుల్లో ఇవి దొరకవు కనుక డబ్బు పోసి చేయించుకుంటారు. 2012 లండన్ ఒలింపిక్స్ కోసం ఎసెక్స్‌లోని హాడ్లీ ఫామ్ పచ్చిక గుట్ట మీదికి బండరాళ్లు బయటినుంచి తోలించారు. ఉమ్మడి అనంతపురం జిల్లా ముదిగుబ్బ మండలంలో ఆ ఖర్చు లేదు. మామూలు రోడ్డు బిల్లుతోనే, ఏ శిలాఫలకమూ లేకుండా, పల్లె పల్లెకూ బాట పడిపోయింది.

ఈ క్రీడాసంపదకు 2024 నవంబరు 2న గండం వచ్చింది. అనకాపల్లి జిల్లా పరవాడ మండలం వెన్నెలపాలెంలో ముఖ్యమంత్రి గుంతల రహిత రోడ్ల కార్యక్రమం మొదలుపెట్టారు. గడువు 2025 సంక్రాంతి. ఏళ్ల తరబడి వాన, లారీ, ఫైలు కలిసి తొలిచిన గుంతలు పది వారాల్లో మాయం కావాలన్నారు. అవి పూడిపోకముందే నిర్మాణ పద్ధతిని రాసిపెట్టుకోవడం శాస్త్రానికి అవసరం.

మొదటిది స్థలం. అనంతపురం నుంచి కదిరి పోయే 42వ నంబరు జాతీయ రహదారి ఆటకు పనికిరాదు. దాన్ని దిగి పల్లెదారి పట్టాలి. ఎర్ర గరుసు నేల, నడుమ గుండ్లు, దారికి అడ్డంగా వంకలు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదీ నెలల తరబడి ఎండగట్టి, రెండు మూడు దెబ్బల్లో కుమ్మరిస్తుంది. ఎండకు నెర్రె విచ్చిన తారును ఒక్క రాత్రిలో లేపేసే ఇలాంటి వాతావరణం లండన్‌కు లేదు.

రాళ్ల మెరక తయారుచేయడం తేలిక. కంకర పరిచి, రోలరు తిప్పి, తారు పోసే ముందు బిల్లు ఆపాలి. కంకర తనంతట తానే లేచి పరుచుకుంటుంది. దూకుడు మెట్టుకు కల్వర్టు కావాలి. సిమెంటు అంచు నిలిచి, దాని పక్క మట్టి కుంగితే మెట్టు సిద్ధం. పార్కుల్లో దూకినవాడు దెబ్బతినకుండా కింద వాలు ఇస్తారు. ముదిగుబ్బలో అలాంటి గారాబం లేదు.

అన్నిటిలోకీ అందమైనది వరుస మిట్టల బాట. ఊళ్లో కొత్తగా సిమెంటు రోడ్డు వేస్తారు. వేసిన తర్వాత కుళాయి పైపు గుర్తొస్తుంది. రోడ్డును అడ్డంగా కోసి, పైపు వేసి, పైన ఇంత మన్ను పోసి వెళతారు. అది మొదటి వానదాకా మిట్ట, ఆ తర్వాత గుంత. ఒకే చోట రెండు సౌకర్యాలు.

కష్టాన్ని చెప్పడానికి విదేశాల్లో ఆకుపచ్చ గుండ్రం, నీలి చతురస్రం, నల్ల వజ్రం గుర్తులు పెడతారు. ఇక్కడ గుంతలో కంపకొమ్మ నాటుతారు. అది నాటేది రోడ్ల శాఖ కాదు, ముందురోజు పడినవాడు.

ఇక నిర్వహణ. పార్కు బాటలు కట్టేవాళ్లకు శత్రువు ఒక్కటే, నీళ్లు. అందుకే బాట వాలు గుట్ట వాలులో సగం దాటనివ్వరు, బాటను బయటివైపు కొద్దిగా వంచుతారు, అక్కడక్కడా తగ్గించి లేపి నీళ్లను పక్కకు దింపేస్తారు. వాన వెలిశాక పార పట్టుకుని నీళ్లెక్కడ నిలిచాయో చూసొస్తారు. ముదిగుబ్బ పద్ధతి దీనికి తలకిందులు. పక్క కాలువ తవ్వరు. తవ్వినదాంట్లో కంప మొలుస్తుంది. రోడ్డు అంచున మట్టి తారుకన్నా ఎత్తు పెరిగి, వాన పడితే రోడ్డే కాలువవుతుంది.

కనుక గుంతల ప్రేమికులు సంక్రాంతి గడువు గురించి బెంగపడనక్కర్లేదు. గుంతను చతురస్రంగా కోసి, దుమ్ము ఊది, తారు పూసి, మిశ్రమం నింపి, గట్టిగా అణిస్తే అది ప్యాచ్. తట్టతో పోసి పారతో తట్టి ఫోటో తీస్తే అది వచ్చే వానదాకా సెలవు మాత్రమే.

ఆటగాళ్ల సంగతి చివర చెప్పాలి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సైకిల్ బాట తెరిచారు. తొక్కేవాళ్లకు ఎండ తగలకుండా పైన సోలార్ పలకల కప్పు. తొక్కనివ్వండి, తప్పేమీ లేదు. ముదిగుబ్బ పల్లెదారిలో తొక్కేది తొమ్మిదో తరగతి పిల్ల. గేర్లు లేవు, హెల్మెట్ లేదు, క్యారియర్ మీద సంచి, ఒక్కోసారి చెల్లెలు. హైస్కూలు ఆడపిల్లలకు 'బడికొస్తా' పేరుతో సైకిళ్లిచ్చిన ప్రభుత్వం ఆ సైకిల్ ఏ దారిన బడికొస్తుందో చూడలేదు. అదే దారిన శెనక్కాయ మూటలు పోతాయి. అదే దారిన నొప్పులు పడుతున్న మనిషిని 108లో తీసుకుపోతారు. ఆమెకు ప్రతి గుంతా కడుపులో తగులుతుంది. ఇది ఆట కాదు. బిల్లు తిన్నవాడి పాపం కన్నతల్లి మోస్తున్నది.

ఒకప్పుడు రోడ్ల శాఖలో గ్యాంగు కూలీలుండేవారు. వాన వెలవగానే పార తీసుకుని, నీళ్లు మళ్లించి, చిన్న గుంతను చిన్నగా ఉన్నప్పుడే మూసేవారు. ఆ కొలువులు ఖాళీ అవుతుంటే భర్తీ చేయలేదు. పనివాళ్లకు కరువా అంటే, ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది ఇదే ఉమ్మడి జిల్లా బండ్లపల్లిలోనే. అప్పటినుంచి గుట్టల మీద కందకాలు తవ్విన ఆడవాళ్లకు నీళ్లు ఏ పక్కకు పోతాయో ఏ ఇంజనీరూ చెప్పనక్కర్లేదు. ప్రతి పల్లెదారికీ ఏడాది పొడవునా జీతమిచ్చి ఇద్దరిని పెట్టాలి. పక్క కాలువ లేని రోడ్డుకు రూపాయి బిల్లు చెల్లించకూడదు. ఈ రెండూ చేయలేనప్పుడు సంక్రాంతికి గడువు పెట్టే హక్కు ఎవరికీ లేదు.