పదిహేను అంగుళాల సైకిల్

సీటు కిందగా నా ఒంటి మీద ఒక చిన్న స్టిక్కరు ఉంది. దాని మీద 15 అని అంకె. పెడళ్ళు తిరిగే ఇరుసు నుంచి సీటు గొట్టం పై అంచు దాకా నా కొలత అది, అంగుళాల్లో. కొట్టుకొచ్చిన వాళ్ళు దాన్ని చూడరు. రంగు చూస్తారు. గేర్లెన్నని అడుగుతారు. ముందున్న షాకబ్జర్లను రెండు చేతులా అదిమి, అవి దిగి లేస్తుంటే ముచ్చటపడతారు. విశాఖపట్నంలో ఆ కొట్టు గోడకు ఆనుకుని ఏడు నెలలు నిలబడ్డాను. నా పక్కనున్న 17లూ 19లూ వచ్చినవి వచ్చినట్టే వెళ్ళిపోయాయి. నన్ను చూసి "ఇది చిన్నపిల్లలదా?" అని అడిగినవాళ్ళే ఎక్కువ. కాదు. ఐదడుగులు, ఐదడుగుల రెండు మూడు అంగుళాలుండే పెద్దవాళ్ళ కోసం చేసిన సైకిల్ని నేను.

పుట్టింది లూధియానాలో. 6061 రకం అల్యూమినియం గొట్టాలు కోసి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేలా అంచులు చెక్కి అతికారు. వెల్డింగు వేడికి అల్యూమినియం బలం తగ్గిపోతుంది. అలాగే వదిలేస్తే గతుకుల రోడ్డుకు తట్టుకోలేను. అందుకని 500 డిగ్రీలు దాటిన కొలిమిలో కాల్చి, చటుక్కున చల్లార్చి, మళ్ళీ తక్కువ సెగ మీద గంటల తరబడి మగ్గబెట్టారు. మామిడికాయ మగ్గితే మెత్తబడుతుంది, మేం మగ్గితే గట్టిపడతాం.

ఆవిడ వచ్చింది కార్తీకమాసం చివర్లో ఒక సాయంత్రం. 46 ఏళ్ళు. ఆఫీసు సంచి భుజానే ఉంది. కూతుర్ని ఆ ఏడే ఇంజనీరింగు హాస్టల్లో చేర్చారట. బయట కూర్చుని చక్రం పుల్లలు బిగిస్తున్న పెద్ద మెకానిక్‌ని గుమ్మంలో నిలబడే అడిగింది.

"లేడీస్ సైకిలుందా బాబాయ్?"

"ఎక్కడ తొక్కుతావమ్మా?" ఆయన తలెత్తలేదు.

"బీచ్ రోడ్డులో. భీమిలి దాకా వెళ్ళాలనుంది. కొండలు కూడా..." అని ఆగిపోయింది.

"తొక్కి ఎన్నేళ్ళయింది?"

"ముప్పై రెండేళ్ళు."

అప్పుడు తలెత్తాడాయన.

ఈలోగా కొట్టులో కుర్రాడు ఒక ఎర్ర సైకిల్ని బయటికి నడిపించుకొచ్చాడు. దానికి ముందూ షాకబ్జరే, వెనకా షాకబ్జరే. చూపుకు మోటారుసైకిల్లా ఉంటుంది. ధర నా కన్నా తక్కువ. ఆవిడ దాని మీద చెయ్యి వేసి నిమిరింది కూడా. బాబాయ్ లేచి వచ్చాడు. "ఇది వద్దమ్మా. నువ్వు తొక్కిన తొక్కు చక్రానికెళ్ళకుండా ఆ వెనక స్ప్రింగే తాగీస్తాది. రెండు వైపులా షాకబ్జర్లుండే మంచి సైకిలు కావాలంటే శానా డబ్బవుద్ది. ఈ ధరకొచ్చేది ఊరికే బరువు. ముందొకటుంటే చాలు, వెనక గట్టిగా ఉండాలి." నన్ను నేను పొగుడుకోవడానికి చెప్పడం లేదు. కొత్తగా మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు ఆ స్ప్రింగు చూసి కొనుక్కుని, మూడో వారానికి మోకాళ్ళు పట్టుకుని సైకిల్ని మేడ మెట్ల కింద పడేయడం ఆ కొట్టు రిపేర్ల మూలలో ఎన్నోసార్లు విన్నాను. సైకిల్ తప్పును ఒంటి తప్పు అనుకుని మానేస్తారు. అది నాకు బాధ.

తరువాత ఆయన ఒక లావుపాటి లెక్కల పుస్తకం, టేపు తెచ్చి యజమాని భార్య చేతికిచ్చాడు. చెప్పులు విప్పి, గోడకు వీపు ఆనించి, కాళ్ళ మధ్య పుస్తకం నిలువుగా బిగించి నిలబడాలి. నేల నుంచి పుస్తకం పై అంచు దాకా కొలవాలి. లోపలి గదిలో కొలిచి చెప్పారు: 70 సెంటీమీటర్లు. మౌంటెన్ బైకుకు దాన్ని 0.226తో గుణించడం వాడుక. బాబాయ్ పాత బిల్లు వెనక వేసి చూపించాడు, 15.8. "రెండు సైజుల మధ్యన పడితే చిన్నదే తీసుకో. కొండ దారిలో చటుక్కున దిగాల్సొస్తే పైగొట్టానికీ నీకూ రెండంగుళాలైనా ఖాళీ ఉండాల" అంటూ గోడ దగ్గరికొచ్చి నన్ను బయటికి తీశాడు.

ఆవిడ నా మీదుగా కాళ్ళు చెరో పక్క పెట్టి నిలబడింది. రెండు పాదాలూ మడమలతో సహా నేల మీదున్నాయి. కిందికి చూసుకుంది. "నాకెప్పుడూ ఎవరూ సైకిల్ కొలత తీయలేదు బాబాయ్" అంది.

అదే మాట పట్టుకుని తన కథంతా ఆ కొట్టు ముందే చెప్పింది. ఊరు బొబ్బిలి. వాళ్ళ నాన్నది 24 సైజు నల్ల సైకిల్. పదేళ్ళ పిల్లకు దాని పైబారు గుండెల దాకా వచ్చేది. బారు కింద నుంచి కాలు దూర్చి, ఒళ్ళంతా ఒక పక్కకు వంచి తొక్కింది. ఆ తరువాత అన్నయ్యది తొక్కింది, అది కూడా పెద్దదే. సీటెక్కాక దిగాలంటే ఏ అరుగో రాయో వెతుక్కోవాలి. తొమ్మిదో తరగతిలో ఓణీ వేశారు. వాళ్ళ నాన్న "ఇంక చాల్లే అమ్మా" అన్నారు, అంతే. కోపంగా కూడా అనలేదట. పెళ్ళయ్యాక స్కూటీ వచ్చింది, పిల్ల పుట్టింది. తన కాళ్ళ పొడవుకు ఒక సైకిల్ ఉంటుందన్న ఊహే ఇన్నేళ్ళూ రాలేదంది.

బిల్లు 29,500. చీటీ ఎత్తిన డబ్బు. హెల్మెట్టు, లైట్లు, బెల్లు, స్టాండు, మడ్‌గార్డులు, గాలి పంపు విడిగా.

పెద్దయ్యాక మళ్ళీ సైకిలెక్కడం ఏదో చిన్నతనంలా ఉందని ఆవిడ ఆ రోజు రెండుసార్లు అంది. నాకు నోరుంటే మా వంశం సంగతి అప్పుడే చెప్పేవాణ్ణి. బాబాయ్ కుర్రాళ్ళకు చెబుతుంటే విన్నదే. 1970లలో అమెరికాలో, కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో, టమల్‌పైస్ కొండ చుట్టుపక్కల కొందరు పాతసామాను కొట్లు గాలించి 1930ల, 40ల నాటి సైకిళ్ళు ఏరుకొచ్చారు. ఒకప్పుడు పిల్లలు తొక్కి, పేపర్లు వేసి వదిలేసినవి. ష్విన్ కంపెనీ ఎక్సెల్సియర్ లాంటివి. వాటి లావు టైర్లు మట్టి దారిలో నిలిచేవి. బ్రేకు వెనక ఇరుసులోనే ఉండేది, పెడల్ని వెనక్కి తొక్కితే పడేది. కొండ దిగేసరికి ఆ వేడికి ఇరుసులో గ్రీజు కాలిపోయి పొగలొచ్చేవి. మళ్ళీ గ్రీజు నింపితేగాని రెండోసారి దిగలేరు. అలా మళ్ళీ నింపడం మీదే ఆ దిగుడు పందేనికి ‘రీప్యాక్’ అని పేరొచ్చింది. మొదటి పందెం 1976 అక్టోబరు 21న. మరుసటి ఏడు జో బ్రీజ్ అనే ఆయన ఆ పని కోసమే కొత్తగా ఫ్రేము కట్టాడు. 1979లో గేరీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి ‘మౌంటెన్‌బైక్స్’ అని వ్యాపారం పెట్టారు. ఆ గుంపులో వెండీ క్రాగ్ అనే ఆవిడ కూడా ఉండేది. తనూ ఆ బరువు సైకిల్ తొక్కుతూ, కెమెరా మోసుకెళ్ళి తీసిన బొమ్మల వల్లే ఆ రోజులు ఎలా ఉండేవో ఇవాళ తెలుస్తోంది. మా జాతి పుట్టిందే, పెద్దయ్యాక పిల్లల సైకిల్ని మళ్ళీ వెతుక్కున్నవాళ్ళ చేతుల్లో. ష్విన్ వాళ్ళు 1933లో తెచ్చిన ఆ లావు టైరు వెడల్పు 2.125 అంగుళాలు. నాది 2.1.

నేర్చుకున్న ఒళ్ళు సైకిల్ని మరిచిపోదంటారు. నిజమే. కానీ ఆ ఒళ్ళు గుర్తుపెట్టుకున్నది పాత సైకిల్ని. మొదటి వారం ఆవిడ నా మీద కూర్చుని బొబ్బిలిలో వాళ్ళ నాన్న సైకిలే తొక్కింది. వీపు నిటారుగా పెట్టి, పాదం నడిమి భాగంతో పెడల్ని తొక్కి, హ్యాండిల్ని చెమట పట్టేంత గట్టిగా పట్టుకుంది. సీటు బాగా కిందికి దించమంది, పడిపోతానన్న భయంతో. అలా దించితే మోకాలు పూర్తిగా చాపుకోదు, బరువంతా దాని మీదే పడుతుంది. నాలుగో రోజుకే మోకాలి ముందు నొప్పి మొదలైంది. బాబాయ్ సీటు పైకి లేపాడు. పెడల్ అడుగుకొచ్చినప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు తిన్నగా చాపుకోవాలి. అప్పుడు మునివేళ్ళ వెనక మెత్తతో తొక్కితే మోకాలు కాస్త వంగి ఉంటుంది. కొలత అంటే అంతే. కూర్చునేచోట నొప్పి మాత్రం పదిహేను రోజులు తగ్గలేదు. మెత్తటి జెల్ కవరు కొని తొడిగింది, అది ఒరుసుకుని ఇంకా పుండయింది. తీసేశాక, ఎముకలకు నా గట్టి సీటు అలవాటయ్యాక సర్దుకుంది.

గేర్లకు ఆవిడ భయపడింది. ఆగి ఉన్నప్పుడు మీట నొక్కేది. చైను కదలందే గేరు మారదు, మళ్ళీ తొక్కగానే కరకరలాడుతూ పళ్ళ మీద పడేది, నాకు ప్రాణం పోయినంత పనయ్యేది. తొక్కుతూ, కాలి బలం ఒక్క క్షణం తగ్గించి, అప్పుడు నొక్కాలని తెలిశాక మా ఇద్దరికీ సఖ్యత కుదిరింది. వాళ్ళ నాన్న సైకిల్‌కు ఉన్నది ఒక్కటే గేరు. పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ సుమారు ఐదు మీటర్లు పోవాల్సిందే, ఎత్తయినా పల్లమైనా. నాకు ముందు 22 పళ్ళ చక్రం, వెనక 32 పళ్ళ చక్రం కలిపితే ఒక చుట్టుకు మీటరున్నర మాత్రమే కదులుతాను. దూరం తగ్గిన కొద్దీ బరువూ తగ్గుతుంది. చిన్నప్పుడు గడ్డ ఎక్కలేక దిగి నెట్టుకుంటూ వెళ్ళిన పిల్లది శక్తి తక్కువ కాదు, ఆ సైకిల్‌కు ఇంకో లెక్క తెలియదు.

ఒక ఆదివారం వాళ్ళాయన ప్రేమగా నన్ను కడిగి, చైనుకు కొబ్బరినూనె పోసి, బాగా తిరగాలని చక్రాల మధ్యనున్న డిస్కులకు కూడా రాశారు. మర్నాడు తెల్లవారుజామున ఎం.వి.పి. కాలనీ నుంచి సముద్రం వైపు దిగేటప్పుడు బ్రేకు నొక్కితే నేను కీచుమని అరిచానే గాని ఆగలేకపోయాను. నా జీవితంలో అంత నిస్సహాయత మళ్ళీ ఎరగను. ఆవిడ కాళ్ళు ఈడ్చి, ఇసుక మేటలోకి తిప్పి ఆపింది. బొటనవేలి గోరు లేచిపోయింది. బ్రేకు ప్యాడ్లు నూనె పీల్చేశాయి, మార్చక తప్పలేదు. ఆ రోజు నుంచి ఆయన డిస్కు జోలికి రారు. వారం వారం పొడిగుడ్డతో చైను తుడిచి, సైకిల్ చైనుకని అమ్మే నూనె ఒక్కో లంకెకు ఒక్కో చుక్క వేసి, పైకి కనిపించేదంతా మళ్ళీ తుడిచేస్తారు. సముద్రపు గాలిలో ఉప్పుంటుంది. ఈ ఊళ్ళో వారం పట్టించుకోకపోతే చైను తుప్పు రంగు తిరుగుతుంది.

తొట్లకొండ ఎక్కడానికి మూడుసార్లు పట్టింది. ఊరి నుంచి భీమిలి దారిలో సుమారు 15 కిలోమీటర్లు. టెన్నేటి పార్కు, సాగర్ నగర్, రుషికొండ దాటాక ఎడమకు తిరగాలి. సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తు. మొదటిసారి సగం నుంచి నన్ను నడిపించింది. రెండోసారి మరీ ముందే చిన్న గేరు వేసి, కాళ్ళు వేగంగా ఆడించి, ఊపిరి అందక ఆగిపోయింది. మూడోసారి ముందు షాకబ్జర్‌కు తాళం వేసింది, తారు రోడ్డు ఎత్తులో అది కిందికీ పైకీ ఊగితే బలం వృథా. ఒళ్ళు ముందుకు వంచి సీటు ముక్కు మీదికి జరిగింది, లేకపోతే ముందు చక్రం తేలిపోతుంది. ఇక తొందర లేదు. మీటరున్నర, మళ్ళీ మీటరున్నర. చెమట చుక్కలు నా పైగొట్టం మీద పడుతున్నాయి. పైకి చేరాక నన్ను స్టాండు వేసి లోపలికి వెళ్ళింది. నీళ్ళ కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ కొండకు ఆ పేరు. రెండు వేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులు ఉన్న చోటు. చాలాసేపటికి తిరిగొచ్చింది. ఏమీ అనలేదు. నా సీటు మీద చెయ్యి వేసి, సముద్రం వైపు చూస్తూ నిలబడింది.

ఇంకా ముందుకెళితే ఎర్రమట్టి దిబ్బలు. నా గరుకు టైర్లకు అంతకన్నా ఆశపెట్టే నేల లేదు. అయినా ఆవిడ నన్ను రోడ్డు మీదే ఆపుతుంది. గాలీ నీరూ వేల ఏళ్ళు చెక్కిన ఇసుక అది, రక్షిత స్థలం, చక్రం గీసిన గాడిలో వాననీరు దిగితే కోసుకుపోతుంది. ఆ మాట కోసం కూడా ఆవిడంటే నాకు గౌరవం.

సంక్రాంతికి వాళ్ళ నాన్నగారు బొబ్బిలి నుంచి వచ్చారు. ఆయనకు 78. కనుమ మర్నాడు పొద్దున్నే ఆవిడ నన్ను బయటికి తీస్తుంటే మెట్ల మీద కూర్చుని చూశారు. లేచి వచ్చి, కిందికి వంగి, వెనక చక్రాన్ని బొటనవేలితో నొక్కారు. తరువాత ఆవిడ పాదాల వైపు చూశారు.

"కాళ్ళు అందుతున్నాయేటమ్మా?"

"అందుతున్నాయి నాన్నా."

"వెనక గాలి చాల్లేదు. పంపేదీ?"

తెచ్చింది. ఆయన నా వాల్వు మూత తిప్పి తీసి, తనకు తెలిసిన సన్న రబ్బరు ట్యూబు కోసం వెతికారు. ఇది మోటారుసైకిల్ వాల్వులాంటిదని చెప్పి ఆవిడే పంపు తగిలించింది. ఆయన పంచె పైకి దోపుకుని, పంపు మీద కాలు వేసి, రెండు చేతులా కొట్టడం మొదలుపెట్టారు. ఆవిడ నా పక్కన గొంతుక్కూర్చుని ముల్లు చూస్తోంది. ముప్పై. ముప్పై అయిదు. ఆయనకు రొప్పు వస్తోంది, అయినా ఆపలేదు.

"నలభై, నాన్నా. చాలు."

ఆయన మళ్ళీ వంగి, బొటనవేలితో నొక్కి చూశారు.