ఆల్వేస్ అని రాసిన పాపానికి

పుంగనూరులో ఆవు ఈనితే మదనపల్లెలో కూర్చోబెట్టి చూపిస్తానని గొప్పలు పోయింది నేనే. ఆవు మా బామ్మర్దిది. అసలు సిసలు పొట్టి జాతి, నిలబడితే నా నడుము దాకా కూడా రాదు. చూడితో ఉంది కదా అని కొట్టంలో కెమెరా పెట్టించాను. ఆ మాట విని కుప్పం నుంచి మా అత్త దిగింది. కుప్పం బస్సు పలమనేరు, పుంగనూరు దాటుకునే మా ఊరికి వస్తుంది. అంటే ఆవిడ ఆవును దాటుకుని, ఆవు బొమ్మ చూడ్డానికి మా ఇంటికి వచ్చిందన్నమాట. నా డప్పు అంత గట్టిగా మోగింది మరి.

కంప్యూటరు పాతది. కొత్త విండోస్‌ను మోయలేదని, పాత ఇనుముకు పోకుండా లైనక్స్ ఎక్కించి బతికించుకున్నాను. దానికి అప్పగించిన పని ఒక్కటే. ఆన్ కాగానే వీడియో ప్లేయర్ తనంతట తానే తెరుచుకోవాలి, పడిపోతే మళ్ళీ లేవాలి.

మొదట, చెప్పిన వేళకు పనులు నడిపే క్రాన్‌కు చెప్పాను, బూట్ అవగానే ప్లేయర్‌ను నడపమని. నడిపింది. కాకపోతే డెస్క్‌టాప్ ఇంకా రాకముందే నడిపింది. గోడ లేనిదే కిటికీ ఎక్కడ పెడతారు? డిస్‌ప్లే కనబడక ప్లేయర్ లాగ్‌లో ఒక ఏడుపు ఏడ్చి పోయింది.

అప్పుడు, లైనక్స్‌లో ప్రోగ్రాంలను లేపి కాపలా కాసే సిస్టమ్‌డీ కాళ్ళు పట్టుకున్నాను. 2010లో లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ మొదలుపెట్టిన సరుకిది. దీన్ని తెచ్చుకోవాలా వద్దా అని డెబియన్ అనే లైనక్స్ రకం వాళ్ళు వాదించుకుని వాదించుకుని, చివరికి కొందరు డెవువాన్ పేరుతో వేరుకాపురమే పెట్టేశారు. నాకంత గొడవ అక్కర్లేదు. యూజర్ సర్వీస్ ఫైలొకటి రాసి గ్రాఫికల్ సెషన్ టార్గెట్‌కు తగిలించాను, తెర వచ్చాకే ప్లేయర్ లేస్తుంది. 'రీస్టార్ట్' ఎదురుగా ధీమాగా 'ఆల్వేస్' అని రాశాను.

ఆ సాయంత్రమే పుంగనూరులో కరెంటు పోయింది. కెమెరా లేదు కాబట్టి ప్లేయర్ పడింది, లేచింది, మళ్ళీ పడింది. మనమేమీ చెప్పకపోతే సిస్టమ్‌డీ సెకనులో పదో వంతు మాత్రమే ఆగి లేపుతుంది. 10 సెకన్లలో 5 సార్లు లేపినా నిలవకపోతే ఇక నీ ఖర్మ అని వదిలేస్తుంది. అక్కడ కరెంటొచ్చినా ఇక్కడ తెర నల్లగానే ఉంది. అత్త ఆ నలుపును చాలాసేపు భక్తిగా చూసి, "కొట్టంలో లైటు ఆర్పేసినారా అల్లుడూ?" అనింది. అవునన్నాను.

లేపే ముందు 10 సెకన్లు ఆగమని ఇంకో లైను చేర్చాక కుదిరింది. మరీ కుదిరింది. టమోటా రేటు చూద్దామని మా ఆవిడ ఆ కిటికీ మూసేది. పది సెకన్లలో ఆవు హాజరు. కరెంటు బిల్లు కడదామంటే ఓటీపీ కొట్టేచోట ఆవు తోక.

"నేను మూసినా వస్తుంది, కరెంటు పోయినా వస్తుంది. నువ్వు ఎప్పుడన్నా ఒక్క పిలుపుకు వచ్చినావా?"

ఆల్వేస్ తీసి 'ఆన్ ఫెయిల్యూర్' పెట్టాను. మనిషి మూస్తే ప్రోగ్రాం సున్నా చెప్పి వెళుతుంది, దాని జోలికి పోరు. తేడా వచ్చి పడితే వేరే అంకె చెబుతుంది, అప్పుడే లేపుతారు. ఎంత న్యాయమైన ఏర్పాటు! అయితే నా ప్లేయర్ నెట్ తెగినా సినిమా అయిపోయిందనుకుని, సున్నా చెప్పి మర్యాదగా సెలవు తీసుకునే రకం. ఆ సంగతి తెల్లవారుజామున ఫోను మోగాక గానీ తెలియలేదు.

"బావా, పెయ్య పుట్టింది. చూసినారు కదా?"

"చూశాం, చక్కగా ఉంది" అన్నాను.

వెనక నుంచి అత్త: "ఏం రంగు అల్లుడూ?"

మళ్ళీ ఆల్వేసే పెట్టేశాను. ఆపాలంటే కొట్టాల్సిన కమాండు మా ఆవిడకు కాగితం మీద రాసిచ్చాను. ఆవిడ అది చదివి, మడిచి, మానిటర్ ప్లగ్గు పీకి అక్కడ మిక్సీ పెట్టుకుంది.