తూకం లేని 4కె సినిమా: తూనికలు, కొలతల శాఖకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ తూనికలు, కొలతల శాఖ కంట్రోలర్ గారి దివ్య సముఖానికి,

రెండు తెలుగు రాష్ట్రాలకూ ఇద్దరు కంట్రోలర్లు ఉన్నారని తెలుసు. అర్జీ మాత్రం ఒకటే రాస్తున్నాను. సరుకు ఇద్దరి ఇలాకాలోకీ ఒకే రకం తీగ మీద వస్తోంది కనుక తమలో తాము పంచుకోగలరు.

కందిపప్పు ప్యాకెట్ మీద నికర బరువు అచ్చు వేయకపోతే తమ ఇన్‌స్పెక్టర్లు కేసు రాస్తారు. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం, 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనలు అందుకే ఉన్నాయి. నూనె ప్యాకెట్ కానీ, సబ్బుబిళ్ల కానీ, లోపల ఎంత ఉందో పైన చెప్పి తీరాలి. పెట్రోలు బంకులో అనుమానం వస్తే అయిదు లీటర్ల కొలపాత్ర తెప్పించి కళ్లముందే కొలిపించుకోవచ్చు. కూరగాయలు తూచే కాటాకు కూడా తమ ముద్ర ఉండాలి. ఇంత కట్టుదిట్టం ఉన్న చోట ఒక సరుకు మాత్రం తూకం చెప్పకుండా రాత్రీ పగలూ ఇళ్లలోకి దిగిపోతోంది. అదే స్ట్రీమింగ్‌లో వచ్చే 4కె సినిమా.

దాని మీద చీటీ లేదని నేననను. ఉంది. 4కె అంటే అడ్డంగా 3,840, నిలువుగా 2,160 చుక్కలు. గుణిస్తే 82,94,400. ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగు రెట్లు. ఈ లెక్కలో అబద్ధం లేదు, టీవీకి అన్ని చుక్కలూ అందుతాయి. ఆ చుక్కలు నిండుగా వచ్చాయా, పొల్లుగా వచ్చాయా అన్న దగ్గరే పేచీ.

తమరు తూకం మనుషులు కనుక అంకెల్లోనే మనవి చేస్తాను. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. రంగుల వివరాన్ని పలచన చేసి మొత్తాన్ని సగానికి సగం దించాక కూడా చుక్కకు 15 బిట్లు కావాలి. అన్నీ కలిపితే సెకనుకు దాదాపు 3,000 మెగాబిట్లు. ఇంట్లో 4కె చూడడానికి నెట్‌ఫ్లిక్స్ కోరే ఇంటర్నెట్ వేగం సెకనుకు 15 మెగాబిట్లు. అంటే రెండు వందల వంతుల సరుకులో ఒక వంతు గుమ్మం దాకా వస్తే చాలన్నమాట. మిగతా 199 వంతులూ దారిలో ఎవరు దించుకున్నారు?

దొంగతనమేమీ కాదు. కుదింపు. 2013లో ఖరారైన హెచ్‌ఈవీసీ లాంటి కోడెక్‌లు ఈ పని చేస్తాయి. ఫ్రేమును గళ్లుగా కోస్తాయి. వెనకాల గోడ కదలకపోతే దాన్ని మళ్లీ పంపవు, ‘ఇందాకటి గోడే’ అని చిన్న కబురు పంపి ఊరుకుంటాయి. మనిషి చేయి పక్కకు జరిగితే, ఎటు ఎంత జరిగిందో మాత్రం చెబుతాయి. కన్ను పెద్దగా పట్టించుకోని వివరాన్ని వదిలేస్తాయి. ఈ విద్య కనిపెట్టినవాళ్లకు చేతులెత్తి నమస్కరిస్తాను, వెటకారం కాదు. ఇద్దరు మనుషులు గదిలో కూర్చుని మాట్లాడుకునే సన్నివేశానికి ఆ 15 మెగాబిట్లు చాలు, అందులోనూ కొన్ని మిగులుతాయి.

కానీ అయ్యా, మన సినిమాల్లో ఇద్దరు మనుషులు గదిలో కూర్చుని మాట్లాడుకోవడం తమరు ఎప్పుడు చూశారు?

మన హీరో ఊరికే రాడు. ముందు జీపులొస్తాయి, వాటి వెనక ఎర్రమట్టి ఆకాశానికి లేస్తుంది. లేదా జాతర జరుగుతుంటుంది. పసుపు, కుంకుమ, డప్పులు, ఇసకేస్తే రాలని జనం. నిర్మాత దగ్గర ఇంకా డబ్బులుంటే వాన. విలన్ మనిషి గాల్లోకి లేచి మిరపకాయల బస్తాల మీదే పడాలి, ఆ బస్తాలు పగలాలి. ఒక్కో ధూళి రేణువు, ఒక్కో చినుకు, ఒక్కో కుంకుమ రవ్వ దాని దారిన అది పోతుంటే, ‘ఇందాకటి గోడే’ అని చెప్పడానికి కుదింపు చేసే ఎన్‌కోడర్‌కు గోడ ఎక్కడుంది? పాత ఫ్రేము కొత్త ఫ్రేముకు అక్కరకు రాదు. పంపాల్సింది కొండంత, చేతిలో ఉన్న బిట్లు ఆ కాసినే. అప్పుడది సన్న వివరాన్ని విడిచిపెట్టి మోటుగా గళ్లు గీయడం మొదలుపెడుతుంది. ధూళి మేఘం కాస్తా గళ్ల లుంగీ అవుతుంది. వెయ్యిమంది జనం ఒక ముద్ద. హీరో స్లో మోషన్‌లో నడిచినప్పుడు ఎన్‌కోడర్ కాస్త ఊపిరి పీల్చుకుంటుంది, మన దర్శకులు తమకు తెలియకుండా దానికి చేసిన మేలు అదొక్కటే.

ఇదే ఘట్టాన్ని థియేటర్‌లో చూసినవాళ్లకు తేడా తెలుస్తుంది. అక్కడి ప్రొజెక్టర్‌కు అందే కాపీలో ఏ ఫ్రేముకు ఆ ఫ్రేమునే విడిగా కుదిస్తారు, పక్క ఫ్రేము మీద ఆధారపడదు. సెకనుకు 250 మెగాబిట్ల దాకా వాడుకునే అనుమతి ఉంది. అభిమానులు తెర ముందు ఎగరేసే కాగితం ముక్కల్నీ, తెర మీద ఎగిరే వాటినీ కూడా అక్కడ లెక్కపెట్టుకోవచ్చు.

థియేటర్‌తో ఇంటికి పోలికేమిటంటారా? సరే, ఇంటి సరుకుతోనే పోలుద్దాం. 2016లో అల్ట్రా హెచ్‌డీ బ్లూరే డిస్కులు వచ్చాయి. ఒక్కొక్కటి 100 గిగాబైట్ల దాకా పడుతుంది, సెకనుకు గరిష్ఠంగా 128 మెగాబిట్లు ఇవ్వగలదు. సెకనుకు 15 చొప్పున స్ట్రీమ్ అయ్యే మూడు గంటల సినిమా మొత్తం కలిపి 20 గిగాబైట్లు. డిస్కు మీదా 4కె అనే ఉంటుంది, స్ట్రీమ్ మీదా 4కె అనే ఉంటుంది. అంతకు ముందు తరం మామూలు బ్లూరే ఉంది చూడండి, దానిలో చుక్కలు నాలుగో వంతే అయినా బొమ్మకు 40 మెగాబిట్ల దాకా చోటుంది. ఎర్రమట్టి రేగిన చోట ఆ పాత డిస్కు కొత్త 4కె స్ట్రీమ్‌ కన్నా నిలకడగా కనిపించడంలో వింత లేదు. చీటీ ప్రకారం మాత్రం అది తక్కువ రకం సరుకు.

చీకటి సంగతి వేరే చెప్పాలి. 2019 ఏప్రిల్‌లో ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ ఆఖరి సీజన్‌లో ‘ది లాంగ్ నైట్’ అనే భాగం వచ్చింది. పేరుకు తగ్గట్టే రాత్రంతా యుద్ధం. ఏం జరుగుతోందో కనబడలేదని ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది. ఛాయాగ్రాహకుడు ఫేబియన్ వాగ్నర్ తాను సరిగానే తీశానన్నాడు. తప్పు కుదింపుదీ, ఇళ్లలో టీవీలు పెట్టుకునే తీరుదీ అన్నాడు. ఆయన మాటలో నిజం ఉంది. నలుపుకూ ఇంకాస్త తక్కువ నలుపుకూ మధ్య ఉండే సన్నని మెట్లను, కన్ను చూడదులే అన్న ధీమాతో కోడెక్ ముందుగా కలిపేస్తుంది. లైట్లన్నీ ఆర్పి చూసే కన్ను వాటినే చూస్తుంది. రాత్రి ఆకాశం పొరలు పొరలుగా, పట్టీలు పట్టీలుగా విడిపోతుంది.

ఇంకో చమత్కారం తమ దృష్టికి తేవాలి. ఫిల్ము మీద తీసిన పాత సినిమాల్లో సన్నటి రవ్వ ఆడుతుంటుంది, దాన్ని గ్రెయిన్ అంటారు. అది క్షణక్షణం మారుతుంది కనుక బిట్లు మింగేస్తుంది. 2018లో వచ్చిన ఏవీ1 అనే కోడెక్ దీనికొక ఉపాయం చేసింది. పంపేవాళ్లు అసలు రవ్వను జల్లెడ పట్టి తీసేస్తారు. ఆ రవ్వ ఏ తీరున ఉండేదో చిన్న చీటీ రాసి పంపుతారు. మన టీవీ ఆ చీటీ చూసుకుని అలాంటిదే కొత్త రవ్వ తయారుచేసి పైన చల్లుతుంది. చాలాసార్లు ఎవరూ కనిపెట్టలేరు, నేను కూడా దీన్ని మెచ్చుకునే పక్షమే. అయితే అసలుది తీసి నకలుది వేయడం కల్తీ కిందికి వస్తుందేమో చూడాలి. వస్తే ఆహార భద్రత వారికి ప్రతి పంపగలరు.

ఇప్పుడు కంటి లెక్క. మామూలు చూపున్న మనిషి కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కన్నా చిన్న వివరాన్ని విడదీయలేదు. 55 అంగుళాల టీవీకి ఈ లెక్క కడితే, ఏడు అడుగులు దాటి కూర్చున్నవాడికి ఫుల్ హెచ్‌డీ చుక్కలే విడివిడిగా కనబడవు. మన హాళ్లలో సోఫా ఉండేది తొమ్మిది, పది అడుగుల దూరంలో. కనుక 4కె చుక్కల్లో చాలా భాగం మన కంటికి ఆనదు. ఆనేవి ధూళిలో గళ్లు, ఆకాశంలో పట్టీలు, జనంలో ముద్ద. అంటే కంటికి ఆనని దానికి చీటీ అంటించారు, ఆనే దానికి తూకం చెప్పలేదు. ఇంతకన్నా తెలివైన దుకాణదారుణ్ని తమ శాఖ తన చరిత్రలో పట్టుకుని ఉండదు.

ధరలు మాత్రం చుక్కల ప్రకారమే. 2021 డిసెంబరులో రేట్లు తగ్గించినప్పుడు నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో ఫుల్ హెచ్‌డీ ప్లానుకు నెలకు 499 రూపాయలు, 4కె ప్లానుకు 649 రూపాయలు పెట్టింది. తేడాలో ఎక్కువ తెరల మీద చూసే వీలు కూడా ఉంది, కాదనను. అయినా ఆ 150 రూపాయలకు ఎన్ని బిట్లు అదనంగా వస్తాయో బిల్లు మీద ఉండదు.

తూకం తగ్గినా చీటీ మారదనడానికి సాక్ష్యం కావాలంటే 2020 మార్చికి వెళ్లాలి. కరోనాతో ఐరోపా అంతా ఇళ్లలో కూర్చుంది. నెట్‌వర్క్‌ల మీద భారం తగ్గించమని ఐరోపా కమిషనర్ థియరీ బ్రెటన్ అడిగారు. నెట్‌ఫ్లిక్స్ అక్కడ తన ట్రాఫిక్‌ను ముప్పై రోజులపాటు పాతిక శాతం తగ్గించడానికి ఒప్పుకుంది. ఎలాగనుకున్నారు? ఒక్కో రకంలో ఉండే బరువైన స్ట్రీములను పక్కన పెట్టేసి. 4కెకి డబ్బు కట్టినవారికి 4కె వస్తూనే ఉంటుందని కూడా చెప్పింది. వచ్చింది కూడా! అదే పప్పు ప్యాకెట్‌లో పాతిక శాతం తగ్గించి పైన అదే అచ్చు ఉంచితే తమరు ఏం చేసి ఉండేవారో నేను చెప్పనక్కర్లేదు. కష్టకాలంలో చేసిన ఆ పనిని తప్పుపట్టడం లేదు. ఒక అధికారి నోటిమాటగా అడిగితే రెండు రోజుల్లో బరువు తగ్గించగలిగినవాళ్లు, ఇంకో అధికారి అడిగితే బరువు రాయలేరా అన్నదే నా ప్రశ్న.

వాళ్ల తరఫు వకీలు లేచి రెండు మాటలంటాడు. ఒకటి, బిట్లు ఎక్కువైనంత మాత్రాన బొమ్మ బాగుండదు, కొత్త కోడెక్ తక్కువ బిట్లతోనే పాతదాని పని చేస్తుంది అని. న్యాయమే. అందుకే కోడెక్ పేరు కూడా రాయమంటున్నాం. రెండు, ఇంటి ఇంటర్నెట్‌ను బట్టి కొన్ని సెకన్లకోసారి స్ట్రీము బరువు మారుతుంటుంది, ఏ అంకె రాయమంటారు అని. అన్నిటికన్నా బరువైన స్ట్రీము సగటు రాయమనండి, అదొక్కటీ చాలు. పనిలో పనిగా సినిమాను చివరికి 2కెలో, అంటే దాదాపు ఫుల్ హెచ్‌డీ చుక్కలతో, ముగించి 4కెకి సాగదీశారా, మొదటి నుంచీ 4కెలోనే ఉందా అన్నది కూడా. గ్రాఫిక్స్ దండిగా ఉన్న సినిమాలు ఎన్నో 2కెలోనే తయారయ్యాయి. వాటిలో కళ్లు చెదిరేవి ఉన్నాయి, అందులో దాచాల్సిన సిగ్గేమీ లేదు.

కొలపాత్ర సంగతి కూడా ఆలోచించండి. యూట్యూబ్‌లో ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ అని ఒక మీట ఉంది. నొక్కితే ఏ కోడెక్, ఎన్ని చుక్కలు, తీగ వేగం ఎంత అన్నీ తెర మూలన కనిపిస్తాయి. ఉచితంగా చూపించేవాడు కొలపాత్ర బల్ల మీద పెట్టాడు. డబ్బు తీసుకునేవాళ్లందరి బల్లల మీదా అదెందుకు ఉండకూడదు?

ఇది మా పరిధి కాదు అని ఫైలు మీద రాయడానికి తమరు కలం తీసి ఉంటారు. దయచేసి ఒక్క నిమిషం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారిని అడిగితే తీగ మాది, బొమ్మ మాది కాదంటారు. సమాచార, ప్రసార శాఖ వారు బొమ్మలో ఏముందో చూస్తాం, బొమ్మ ఎలా ఉందో చూడం అంటారు. 2021 నుంచి ప్రతి సినిమా పక్కనా ఏ వయసువారు చూడవచ్చో, హింస ఉందో బూతులున్నాయో రాయిస్తున్నారు. 2023లో ఆరోగ్య శాఖ వారు కదిలారు, ఇప్పుడు ఓటీటీలోనూ హీరో సిగరెట్ వెలిగించగానే తెర కింద హెచ్చరిక పడుతుంది. ఆ సిగరెట్ పొగ గళ్లు గళ్లుగా విరిగిపోతుంటే మాత్రం దానికే హెచ్చరికా లేదు. ఇక మిగిలింది తమరే.

హెచ్‌డీఆర్ అని స్టిక్కరు అంటించి, అది చెప్పే వెలుగు చూపించే సత్తా లేని టీవీలు అమ్మే కంపెనీల మీద వేరే అర్జీ పెడతాను. ఈ రెండూ కలిపితే ఫైలు బరువెక్కి ఏ బల్ల మీదా నిలవదు.

తనిఖీకి వచ్చేట్టయితే రాత్రి తొమ్మిదిన్నర తర్వాత రండి, లైట్లు ఆర్పి ఎర్రమట్టి సీను పెట్టి ఉంచుతాను. అంతకు ముందు వస్తే లాభం లేదు. ఆ టైములో మా అత్తగారు మామూలు ఎస్‌డీ ఛానల్‌లో సీరియల్ చూస్తుంటారు, దాని బొమ్మ మీద ఆవిడకు ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ లేదు.

ఇట్లు,
తమ విధేయుడు,
నెలనెలా 4కె ప్లానుకు డబ్బు కడుతున్న ఒక వినియోగదారుడు