తలంబ్రాలు ఎన్ని జీబీ?

మా పెళ్ళి 1996లో ఒక్కసారే జరిగింది. ఆ తర్వాత దాన్ని కోఠికి మాత్రం మూడుసార్లు మోసుకెళ్ళాను.

మొదట అది మూడు గంటల వీహెచ్ఎస్ క్యాసెట్. బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా దాచాం. చీరలు బాగానే ఉన్నాయి, పెళ్ళికి బూజు పట్టింది. 2002లో గుజరాతీ గల్లీలో ఒక కొట్టాయన దాన్ని వాసన చూసి, "వీసీడీ చేపించుకో అన్నా, లైఫ్‌లాంగ్ ఉంటది" అన్నాడు. ఒక్కో డిస్కులో డెబ్భై నాలుగు నిమిషాలే పడతాయి గనక మూడు డిస్కులయ్యాయి. చుట్టాలకు చూపిస్తుంటే, సరిగ్గా బాజాలు జోరందుకున్నప్పుడు బొమ్మ ఆగిపోయేది. నేను పెళ్ళికొడుకు హోదా మరిచి రెండో డిస్కు కోసం సోఫా కింద పాకేవాణ్ణి.

2008లో మళ్ళీ అదే గల్లీకి వెళ్ళాను. పాత కొట్టులో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. పక్క కొట్టాయన డీవీడీ చేసిచ్చాడు. మోజర్ బేర్ వాళ్ళు ఏకంగా సినిమా డీవీడీనే 34 రూపాయలకు అమ్ముతున్న కాలం అది. నా పెళ్ళికి మాత్రం ఈయన నాలుగు వందలు తీసుకున్నాడు. మా సినిమాలో హీరో కూడా లేడు కదా అని బేరమాడాను. "ఇగ జిందగీ మొత్తం ఫికర్ లేదు సార్" అని కవర్లో పెట్టిచ్చాడు.

జిందగీ మొన్న దీపావళికి ముగిసింది. ప్లేయర్ ట్రే బయటికి రానంది.

మూడోసారి సుల్తాన్ బజార్ స్టేషన్లో మెట్రో దిగాను. కోఠికి ఆ పేరు రావడానికి కారణమైన పాత రెసిడెన్సీ భవనం రెండు వందల ఏళ్ళు దాటినా నిలబడే ఉంది. తెల్లదొర కట్టించిన ఆ భవంతి తర్వాత ఉమెన్స్ కాలేజీ అయింది, మహిళా విశ్వవిద్యాలయం అయింది, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది. ఎన్ని ఫార్మాట్లు మారినా సిటీ బస్సు కండక్టర్ "ఉమెన్స్ కాలేజ్, దిగాలె దిగాలె" అనే అరుస్తాడు. మన పెళ్ళిళ్ళకీ అలాంటి కండక్టరొకడు ఉంటే బాగుండును.

గల్లీలో కుర్రాడు డిస్కు వైపు చూడకుండానే అడిగాడు. "ఏ ఫార్మాట్‌ల కావాలె అంకుల్? ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ?"

"చూడ్డానికి వచ్చేది ఏదైనా పరవాలేదు బాబూ."

"దేంట్ల చూస్తరు? టీవీ ఏ సాలుది? హెచ్.264 చెయ్యాల్నా, 265 చెయ్యాల్నా?"

పెళ్ళిచూపుల్లో కూడా నన్నిన్ని ప్రశ్నలు అడగలేదు. మా అత్తగారు జీతం ఒక్కటే అడిగారు. ఆలోచించుకుని వస్తానని చెప్పి, అక్కడే ఒక డీవీడీ డ్రైవ్ కొనుక్కుని బయటపడ్డాను. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో డిస్కు దూర్చే సందే లేదు మరి.

ఇంటికొచ్చి డిస్కు తెరిస్తే రెండు ఫోల్డర్లు. ఒకటి వీడియో టీఎస్, రెండోది ఆడియో టీఎస్. ఆడియోది నొక్కితే ఖాళీ.

"సౌండు పోయిందే!" అన్నాను, గుండె జారి.

"మంత్రాలు పోయాయా, మీరు ఒప్పుకున్నవి కూడా పోయాయా?" అంది మా ఆవిడ, వంటింట్లోంచి.

పోలేదు. మాటా బొమ్మా రెండూ వీడియో ఫోల్డర్లోనే కలిసి ఉంటాయట. ఆ ఖాళీ ఫోల్డర్ పాటల డీవీడీల కోసం పెట్టిన గది. ఎవరూ దిగని గెస్ట్ రూములాంటిది. వీడియో ఫోల్డర్లో మాత్రం పెళ్ళిని ఒక్కో జీబీకి మించకుండా ముక్కలు కోసి వీఓబీ అనే ఫైళ్ళలో పెట్టారు. కోసేవాడికి ముహూర్తంతో పనేముంది? మొదటి ముడి ఒక ఫైల్లో పడింది, తక్కిన రెండూ తర్వాతి ఫైల్లో. పెన్‌డ్రైవ్‌లోకి మొదటిదొక్కటే కాపీ చేసి ఉంటే నేను మూడో వంతు మాత్రమే వివాహితుణ్ణి.

ఇక్కడ మా మేనల్లుడు ఫోన్లో అందుకున్నాడు. "మామయ్యా, ఎంపీ4, ఎంకేవీ అనేవి టిఫిన్ కేరియర్లు. లోపలి కూర హెచ్.264. కేరియర్ మారిస్తే కూర మారదు." కేరియర్లలో ఎంకేవీ పెద్దదట. రష్యావాళ్ళ బొమ్మలో బొమ్మ ఉంటుందే, మత్రియోష్కా, దాని పేరే పెట్టుకుంది. ఎన్ని భాషల మాటలైనా, ఎన్ని సబ్‌టైటిళ్ళైనా అందులో సర్దుకుంటాయి. మా పెళ్ళిలో ఉన్నది ఒకే భాష, అదీ ఒక్క పురోహితుడే మాట్లాడాడు. ఎంపీ4 చాలన్నాను. కూర విషయంలో 265 అయితే సుమారు సగం చోటులోనే సర్దుతుందట గానీ, మా అత్తగారింట్లో పాత టీవీ దాన్ని ముట్టదు. 264కే ఓటేశాను. అల్లుడన్నాక అత్తగారి టీవీకి తగ్గట్టు నడుచుకోవాలి.

ఇలా మార్చిపెట్టే సాఫ్ట్‌వేర్ పేరు హ్యాండ్‌బ్రేక్. ఉచితం. గుర్తు అనాసపండు, పక్కన షర్బత్ గ్లాసు. 2003లో మొదలుపెట్టిన వాళ్ళు దానికి 1.0 అని నంబరు వేసింది 2016 డిసెంబరులో. పదమూడేళ్ళు 'ఇంకా కాలేదు, ఇంకా కాలేదు' అన్నవాళ్ళ మీద నాకు వెంటనే నమ్మకం కుదిరింది. గల్లీలో అందరూ మొదటిరోజే లైఫ్‌లాంగ్ అన్నవాళ్ళే. సినిమా డిస్కులకు వేసే తాళాన్ని ఇది తీయదు. మన పెళ్ళికి తాళమెవరు వేస్తారు?

మొదటి ప్రయత్నంలో కదిలిన ప్రతి చెయ్యీ దువ్వెనలా పళ్ళు పళ్ళుగా వచ్చింది. పాత వీడియోలో ఒక బొమ్మను సరి గీతలు, బేసి గీతలుగా రెండు విడతల్లో తీస్తారు. వాటిని అలాగే కలిపేస్తే ఈ దువ్వెనలు. సరిచేసే మీటకు డీకోంబ్ అని పేరు. చిక్కు తీసేదాన్ని దువ్వెన అంటాం మనం. వీళ్ళు దువ్వెననే తీసేస్తారు.

రెండో ప్రయత్నంలో సైజు బాగా తగ్గించాను. అంతా బాగుంది, తలంబ్రాల దాకా. అక్కడ బియ్యం కాస్తా పటికబెల్లం పలుకుల్లా చదరాలు చదరాలుగా రాలింది. మా ఆవిడ ముఖం గళ్ళ లుంగీ అయింది.

మేనల్లుడి వివరణ నన్ను మూడు రోజులు నిద్రపోనివ్వలేదు. ఈ యంత్రం ప్రతి బొమ్మనూ మొత్తం దాచదు, ముందు బొమ్మకీ దీనికీ మారినదాన్నే రాసుకుంటుందట. పంతులుగారు కదలకుండా మంత్రం చదివినంతసేపూ దానికి పనిలేదు. వేల గింజలు తలో దిక్కూ ఎగిరేసరికి ఊపిరాడదు. దాని లెక్కలో మా పెళ్ళిలో జరిగిందల్లా తలంబ్రాలే. అరనిమిషం భోజనాల పంక్తికన్నా అరనిమిషం బియ్యం ఎంతో బరువైనదట.

మూడోసారి నాణ్యత పెంచి రాత్రంతా నడిపించాను. పొద్దున్నే టీవీకి పెన్‌డ్రైవ్ గుచ్చి అందరం కూర్చున్నాం. తలంబ్రాలు ఇంకా కాస్త చెదురుతూనే ఉన్నాయి. నా ముఖం సరే, 1996లోనే అంత స్పష్టంగా ఏమీ లేదు.

"ఆపండి, ఆపండి" అంది మా ఆవిడ.

తెర మూలన, స్తంభం పక్క ఇనపకుర్చీలో వాళ్ళ తాతయ్య. పెళ్ళంతా అక్కడే కూర్చున్నాడు, ఒక్క అంగుళం కదల్లేదు. అందుకేనేమో, మొత్తం వీడియోలో తేటగా వచ్చింది ఆయనొక్కడే. ఉత్తరీయం అంచు, చేతికర్ర, తెల్లమీసం అన్నీ తెలుస్తున్నాయి. ఆయన పోయి పందొమ్మిదేళ్ళు.

మళ్ళీ ప్లే నొక్కాను. సన్నాయి హోరెత్తింది. మా ఆవిడ తెరమీంచి చూపు తిప్పకుండా రిమోట్ వైపు చెయ్యి చాపింది.

"కాస్త సౌండు తగ్గించండి. నిద్రపోతున్నాడు."