చేలో కట్టె, చేలోనే బూడిద

మా రోజుల్లో పత్తి తీత అయిపోయిన చేలో కట్టెకి నిప్పు పెట్టిన రైతుని ఊరు ఊరంతా తిట్టిపోసేది. ఇప్పుడు ఉగాది దాటిందంటే చిలకలూరిపేట నుంచి పర్చూరు దాకా ఏ డొంకన నడిచినా పొగే. ఒకవైపు పత్తికట్టె కుప్పలు, ఇంకోవైపు మిరపకట్టె కుప్పలు, ఒక్క అగ్గిపుల్లతో సరి. కట్టెకి ఎండుకాయలు నాలుగు అంటుకుని ఉన్నాయా, ఆ ఘాటుకి డొంక దాటేసరికి దగ్గుతో ప్రాణం మీదికొస్తుంది. అదే నెలలో పేపరు తెరిస్తే జీవ ఇంధనమట, హరిత ఇంధనమట, పొలం నుంచే పెట్రోలట. పొలంలో ఉన్న ఇంధనం పొలంలోనే తగలబడుతుంటే ఇంకెక్కడ వెతుకుతున్నారయ్యా అన్నదే నా గోల.

మా అమ్మ పత్తికట్టెకి ఇచ్చిన విలువ ఈనాటి పిల్లలకి చెబితే నమ్మరు. ఆఖరు తీత కాగానే, నేలలో కాస్త పదును ఉన్నప్పుడే కట్టె పీకించేవాళ్ళం. నేల బిగిస్తే నల్లరేగడి వేరుని వదలదు, కట్టె నడిమికి విరుగుతుంది. మోపులు కట్టి దొడ్లో వామి వేస్తే మళ్ళీ పత్తి చేతికొచ్చేదాకా పొయ్యికి అదే ఆధారం. చిటారు కొమ్మలు రాజెయ్యడానికి, మొదళ్ళు అన్నం ఉడకడానికి. మిరపకట్టెని మాత్రం వంటింటి గడప దాటనిచ్చేది కాదు, అది పెరట్లో నీళ్ళ కాగు కిందికి. పిడకలు దాలిలోకి, పొద్దున పెట్టిన పాలు సాయంత్రానికి మీగడ ఎర్రబడి ఉండేవి. మిగిలిన బూడిద బీరపాదు మీద చల్లేది. ఆ ఇంట్లో పారేసిన వస్తువంటూ నేను చూడలేదు.

బండి సంగతీ అంతే. మిరపకాయల టిక్కీలు, పత్తి బోరేలు ఒంగోలు గిత్తల బండి మీదే గుంటూరు చేరేవి. ఆ గిత్తలు తినే జొన్నచొప్ప మా చేలోది. ఇరుసుకి పెట్టే కందెనలో ఆముదం మా గట్టు మీద చెట్లది. ఎక్కడో ఎడారి దేశంలో యుద్ధం వస్తే మా బండి కూలి పెరిగేది కాదు. పెట్రోలు లేకుండా బస్సు నడిపిన కాలం కూడా ఉంది. మా నాయన చెప్పేవాడు: రెండో ప్రపంచయుద్ధంలో పెట్రోలుకి రేషను పెట్టినప్పుడు బస్సు వెనక ఇనప పీపా బిగించి, అందులో బొగ్గు రాజేసి, దాన్నించి వచ్చే గ్యాసుతో నడిపారు. క్లీనరు తెల్లారకముందే లేచి, నిప్పు అందుకునేదాకా చేత్తో చక్రం తిప్పి గాలి ఊదాలి. మిట్ట ఎక్కనని బస్సు మొరాయిస్తే జనం దిగి తోసేవాళ్ళు. కష్టమే, కానీ ఊళ్ళకి బస్సు ఆగలేదు. యుద్ధం అయ్యాక పెట్రోలు దొరికింది, పీపాలు ఊడబీకారు, ఆ విద్యనీ వదిలేశారు.

సర్కారు ప్రయత్నాలు చెయ్యలేదని నేననను. చాలా చేసింది. మొదలుపెట్టడమే గానీ నిలబెట్టడం లేదన్నది నా బాధ. 1981-82లో జాతీయ పథకం పెట్టి గోబర్ గ్యాస్‌కి సబ్సిడీ ఇచ్చారు. మంచి పథకం. పేడ నుంచి పొయ్యికి మంట, బయటికొచ్చే బురద పొలానికి ఎరువు. తీరా ఇనప డ్రమ్ము తుప్పు పడితే మార్చే మనిషి లేడు, వాల్వు చెడితే దొరికే చోటు లేదు. అప్పటికే దొడ్లోంచి గిత్తలు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. ఎద్దు పోయింది, పేడ పోయింది, డ్రమ్ములు పాత ఇనుముకి పోయాయి.

తర్వాత జట్రోఫా వచ్చింది, గింజ నూనెతో బయోడీజిల్ చేసే మొక్క. 2002 డిసెంబరు 31న ఢిల్లీ నుంచి అమృత్‌సర్ వెళ్ళే శతాబ్ది రైలుని 5 శాతం బయోడీజిల్ కలిపి నడిపారు. మరుసటి ఏడు ప్రణాళికా సంఘం పెద్ద నివేదిక ఇచ్చింది. 2011-12 కల్లా డీజిల్‌లో 20 శాతం చెట్టు నూనే ఉండాలన్నారు. బంజర్లో వేస్తే చాలు, నీళ్ళు అక్కర్లేదు, పశువు ముట్టదు, గింజ బంగారం అన్నారు. మెట్ట రైతులు నమ్మి నాటారు. నీళ్ళు లేని చోట మొక్క బతికింది గానీ కాపు లేదు. నాలుగు గింజలు వచ్చినచోట కొనేవాడు రాలేదు. ఆ రైతులకి ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆ రోజుల్లోనే ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో ఆదివాసీ ఆడవాళ్ళు చేసింది చూడండి. కొత్త మొక్క కోసం వాళ్ళు ఎక్కడికీ పోలేదు. అడవిలో ఎప్పటినుంచో ఉన్న కానుగ గింజలేరారు. సంఘం పెట్టుకుని, ఊళ్ళోనే నూనె మర పెట్టుకున్నారు. ఆ నూనె డీజిల్ బదులు వాడితే గాలిలోకి పోకుండా ఆగే బొగ్గుపులుసు వాయువు లెక్కగట్టి, 147 టన్నులకి ప్రపంచ బ్యాంకు 2003లో 645 డాలర్లు చెల్లించింది. డబ్బు చిన్నదే. కానీ చెట్టు వాళ్ళది, మర వాళ్ళది, నూనె తీయగా మిగిలిన పిండి వాళ్ళ పొలానికే. జట్రోఫా రైతుకి ఈ మూడింట్లో ఒక్కటీ లేదు.

ఇప్పుడంతా ఇథనాల్. 2014 నాటికి పెట్రోలులో ఒకటిన్నర శాతం కలిసేది, 2022కి 10 శాతం, 2025కి 20 శాతం చేశారు. చెప్పిన గడువు కంటే ముందే చేశారు, ఒప్పుకోవాలి. మొక్కజొన్న వేసే రైతుకి దీనివల్ల మేలు కూడా జరిగింది. తెనాలి, దుగ్గిరాల వైపు వరి కోసిన మాగాణిలో దుక్కి లేకుండా మొక్కజొన్న పెట్టి ఏం దిగుబడి తీస్తారో చూస్తే కళ్ళు చల్లబడతాయి. టన్ను గింజకి సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది. అయితే కోళ్ళ దాణా, మనిషి తిండి, బండి ట్యాంకు మూడూ ఒకే గాదె మీద పడ్డాయి. పైగా ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. పాత మోటార్‌సైకిల్ మీద పొలానికి పోయేవాడికి ఆ తేడా తెలుస్తుంది.

ఇంకో సంగతి ఎవరూ మాట్లాడరు. ఇథనాల్ కలిసేది పెట్రోలులో. మా చేలో నడిచేది ట్రాక్టరు, మిర్చి యార్డుకి పోయేది లారీ, రెండూ డీజిలే. డీజిల్‌లో 2030కి 5 శాతం బయోడీజిల్ కలపాలని కాగితం మీద ఉంది, ఇప్పటికి ఒక్క శాతం కూడా కలవడం లేదు. మిరప రైతు దుక్కి ఖర్చు ఏ పథకం వల్లా తగ్గలేదు.

ఇక తాజాది గడ్డి గ్యాసు. 2018లో కేంద్రం 5,000 ప్లాంట్లు పెడతామంది, దాని దరిదాపులకి కూడా రాలేదు. 2024 నవంబరులో రిలయన్స్ వాళ్ళు మన రాష్ట్రంలో 65,000 కోట్లతో 500 ప్లాంట్లన్నారు; 2025 ఏప్రిల్‌లో కనిగిరి దగ్గర పీసీ పల్లి మండలంలో మంత్రి లోకేశ్ మొదటిదానికి శంకుస్థాపన చేశారు. బంజర్లలో నేపియర్ గడ్డి పెంచి గ్యాసు తీస్తారట. కనిగిరి మెట్టకి పని దొరికితే నాకంటే సంతోషించేవాడు లేడు. కానీ అది ఫ్లోరైడు నీళ్ళు తాగే సీమ, వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న సీమ. నేపియర్ నీళ్ళుంటేనే ఎదిగే గడ్డి. కాగితంలో బంజరని రాసిన నేల మీద గొర్రెల మందలు మేస్తాయి. ఆ కాపరులు ఎక్కడికి పోవాలో ముందు తేల్చాలి. గడ్డి పెంచే రైతుకి ఎన్నేళ్ళు, ఎంత రేటు అన్నది నాటకముందే రాతలో ఉండాలి.

కొత్తగా పెంచే గడ్డి సంగతి అలా ఉంచి చేలో ఉన్నది చూస్తే, మా పత్తికట్టె ఎకరాకి టన్ను పైనే వస్తుంది. గ్యాసు తొట్టిలో గడ్డిలా తేలిగ్గా కుళ్ళదు, గట్టి కట్టె, నాకు తెలుసు. ఎత్తు ఎక్కువ బరువు తక్కువ, లారీకెక్కిస్తే కిరాయి గిట్టదనీ తెలుసు. అందుకే పొలం గట్టు మీదే ముక్కలు కొట్టే మిషను రావాలి. పానిపట్‌లో 2022లో వరిగడ్డి నుంచి ఇథనాల్ తీసే ప్లాంటు పెట్టారు, ఏడాదికి రెండు లక్షల టన్నుల గడ్డి, మూడు కోట్ల లీటర్ల లెక్కన. పంజాబు, హర్యానా పొగ ఢిల్లీ వాళ్ళ ముక్కుకి తగిలింది కాబట్టి ఆ గడ్డికి దారి దొరికింది. మా పొగ మా ఊళ్ళే పీలుస్తున్నాయి. కట్టె చేలో నిలవుంటే గులాబీ పురుగు మళ్ళీ పంటకి వస్తుంది, వెంటనే తీసెయ్యమని వ్యవసాయ శాఖే చెబుతుంది. కూలి పెట్టి పీకించిన రైతు దాన్నేం చేసుకోవాలి? పొయ్యికి గ్యాసు బండ వచ్చింది, అది మంచిదే, ఆడవాళ్ళ కళ్ళు బాగుపడ్డాయి. కట్టెకి మాత్రం ఇంకో గిరాకీ పుట్టించలేదు.

లాం ఫారం శాస్త్రవేత్తలున్నారు, గుంటూరు మిర్చి యార్డు ఉంది. ఈసారి తీతలు మొదలయ్యేలోపు మండలానికో ముక్కల మిషను పెట్టి, పత్తికట్టె టన్ను ఇంత, మిరపకట్టె టన్ను ఇంత అని యార్డు బోర్డు మీద మిర్చి ధర పక్కనే రాయించండి.