సర్వరు నిద్రాఘట్టం: సటీకాతాత్పర్యం

అవతారిక: పాత తెలుగు సినిమా పాటల మీద వ్యామోహంతో ఏర్పడిన సంఘం ఒకటుంది. పేరు బయటపెట్టడం వ్యాఖ్యాతకు మర్యాద కాదు. రికార్డు నంబరు, పల్లవి, పాడినవారు, బాణీ కట్టినవారు, రికార్డయిన సంవత్సరం, ఆ సంవత్సరం తప్పంటూ సభ్యులు పెట్టుకున్న తగాదాలు, ఇవన్నీ ఏళ్ల తరబడి ఒక సర్వరులో పోగయ్యాయి. ఆ సర్వరు మీది సాఫ్ట్‌వేర్ ముసలిదైంది, మార్చక తప్పదని తేల్చారు. కార్యదర్శి గారు తెలుగు మేష్టారుగా రిటైరైన మనిషి. నోటీసు వచనంలో రాయడం ఆయనకు నామోషీ. అందుచేత ఈ ఆటవెలది పుట్టింది.

శనిదినమున రాత్రి సర్వరు నిద్రించి
కొత్తరూపు దాల్చుఁ గొంతసేపు
పాత పాటలన్ని పదిలమే యుండును
చింత వలదు మీకుఁ జిన్నదైన

టీకా: శనిదినమున = శనివారమునాడు; రాత్రి = రాత్రివేళయందు; సర్వరు = సంఘము వారి సర్వరనెడి యంత్రము; నిద్రించి = పని మాని, అనగా ఎవరు తలుపు తట్టినను ‘మరమ్మతులో ఉన్నది’ అను పలకను మాత్రమే చూపి; కొంతసేపు = ఇంత అని చెప్పరాని కాలము; కొత్తరూపు = కొత్త రంగులు, కొత్త మీటలు, ఉన్నచోట ఉండని పాత మీటలు గల ఆకారమును; దాల్చున్ = ధరించును; పాత పాటలు + అన్ని = ఇదివరకు నమోదైన పాటల వివరములన్నియు; పదిలమే = చెక్కుచెదరకయే; ఉండును = ఉండగలవు; మీకున్ = సభ్యులగు మీకు; చిన్నది + ఐనన్ = కొంచెమైనను; చింత = విచారము; వలదు = అక్కరలేదు.

తాత్పర్యం: ఓ సభ్యులారా! శనివారం రాత్రి మన సర్వరు కాసేపు కునుకు తీసి కొత్త వేషంతో లేస్తుంది. మీరు దాచుకున్న పాటలకు ఢోకా లేదు. హాయిగా ఉండండి.

కవి చెప్పింది ఇంతే. చెప్పకుండా దాటేసింది ఎక్కువ గనక విశేషాలు కొంచెం పెరిగాయి.

‘శనిదినమున రాత్రి’: శకార సకారాలకు సరసయతి చెల్లింది. అర్థానికే చిక్కు. ఎవరి రాత్రి? సంఘంలో సగం మంది హైదరాబాదు, విజయవాడల్లో ఉంటే మిగిలిన సగం న్యూజెర్సీ, డాలస్‌లలో ఉన్నారు. ఇక్కడ శనివారం రాత్రి 11 గంటలైతే వేసవిలో న్యూజెర్సీలో అదే శనివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నర. వారమంతా ఆఫీసు చేసినవాడు భోంచేసి, పాత పాటల్లో మునుగుదామని కూర్చునే సమయం సరిగ్గా అదే. కవి నిద్రపుచ్చదలచినది సర్వరునైతే, మేలుకుని ఉన్న సభ్యుడి తిట్లు కవికే తగులుతాయి. ఏ వేళ ఎంచుకున్నా భూగోళంలో ఒక ముక్కకు అది పట్టపగలే కాబట్టి ఈ దోషానికి పరిహారం లేదు. గడియారం టైము ఏ ఊరిదో పక్కన రాస్తే చాలు. అన్నట్టు, ఏ శనివారమో కూడా పద్యంలో లేదు. ఇది కవి చమత్కారం కాదు, సమావేశంలో తేలకపోవడం.

‘కొంతసేపు’: అన్వయక్లేశం. దీన్ని ‘నిద్రించి’తో కలిపితే సర్వరు కొంతసేపు నిద్రిస్తుందని అర్థం. ఉన్నచోటే ఉంచి ‘దాల్చు’తో కలిపితే కొత్తరూపు దాల్చేది కొంతసేపేనని, ఆ తర్వాత పాతరూపే గతి అని వస్తుంది. మొదటిదే కవిహృదయమని కార్యదర్శి గారి వాదం. ఇలాంటి పనులు చేసి చెయ్యి కాలినవాళ్లు రెండోదే సరైన అన్వయమంటారు. ఎన్ని గంటలకల్లా పని తెమలకపోతే పాతదానికి తిరిగి వెళ్లాలో ముందే కాగితం మీద రాసుకోని బృందానికి ఆ రెండో అర్థమే అనుభవంలోకి వస్తుంది, అదీ తెల్లవారుజామున. పైగా ఈ సంఘంలో కాలమానం వేరు. 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లర. ఆ లెక్కకు అలవాటైన చెవులకు ‘కొంతసేపు’ అంటే రికార్డు తిప్పి వేసేంత వ్యవధి.

ఇక్కడ పూర్వపక్షం: ఉన్నది బాగానే నడుస్తుండగా మార్చడమెందుకు? సిద్ధాంతం: నడుస్తున్నది గాని దానికి కాపలా లేదు. సంఘం సాఫ్ట్‌వేర్ ఆధారపడింది పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష 5.6 కూర్పు మీద. ఆ వరసకు భద్రతా మరమ్మతులు 2018తోనే ముగిశాయి. కొత్త కన్నం కనబడితే పూడ్చే నాథుడు లేడు. మరి 5 తర్వాత 6కు పోవచ్చు కదా అంటే, ఆ 6 పుట్టనే లేదు. ప్రపంచ లిపులన్నిటికీ యూనికోడ్ ద్వారా చోటిస్తానని సంకల్పించిన ఆ ఆరో అవతారాన్ని 2010లో విరమించుకున్నారు. 2015 డిసెంబరులో ఏకంగా 7 వచ్చింది. వస్తూ వస్తూ, డేటాబేస్‌తో మాట్లాడే పాత ఆజ్ఞల కుటుంబాన్ని మొత్తంగా తీసేసింది. రికార్డు నంబరు కొడితే రెండో వైపు ఏ పాట ఉందో చెప్పే చిన్న పరికరాన్ని ఒక సభ్యుడు ఎప్పుడో రాసి ఇచ్చాడు. అది పూర్తిగా ఆ కుటుంబం మీదే బతుకుతోంది. రాసినాయన ఇప్పుడు మనవల్ని ఆడించుకుంటున్నాడు, తన కోడు తనకే అర్థం కావడం లేదని కబురు పెట్టాడు. ఆ పరికరం గతి ఏమిటో పద్యంలో లేదు.

డేటాబేస్‌ది మరో కథ. మైఎస్‌క్యూఎల్ 5.6లో ఉన్నవాడు ఒక్క గంతున 8.0కి చేరలేడు, మధ్యలో 5.7లో మకాం వేసి తీరాలి. వేదాంతులు దీన్నే క్రమముక్తి అంటారు. సద్యోముక్తి ఆశించినవారికి ఇక్కడ అధికారం లేదు.

‘పాత పాటలన్ని పదిలమే యుండును’: పద్యానికి ప్రాణం ఈ పాదం. మిగతా మూడూ దీని చుట్టూ కట్టిన ప్రహరీ. కొత్తరూపు నచ్చకపోతే నాలుగు రోజులు గొణిగి ఊరుకుంటారు. పాటలు పోతే సంఘమే లేదు.

ముందుగా పాటలు ఎక్కడున్నాయో చూద్దాం. మైఎస్‌క్యూఎల్ పుట్టిల్లు స్వీడన్. 2018లో 8.0 వచ్చేదాకా దానికి ఎవరూ వేరే చెప్పకపోతే అక్షరాలను లాటిన్ లిపిగా, వరసను స్వీడిష్ క్రమంగా ఎంచడం అలవాటు. సంఘం పెట్టిన కొత్తలో ఎవరూ వేరే చెప్పలేదు. కనుక ‘శివశంకరీ’ మొదలు సమస్త పల్లవులూ ఇన్నాళ్లుగా స్వీడిష్ పౌరసత్వంతో కాపురం చేస్తున్నాయి. మరి తెర మీద తెలుగు ముచ్చటగా కనబడుతోందేం? రాసేవాడూ చదివేవాడూ కలిసి ఒకే అబద్ధం ఆడుతున్నంత కాలం అబద్ధం బయటపడదు. తెలుగు బైట్లను లాటిన్ అని చెప్పి లోపల పెడుతున్నారు, లాటిన్ అనే చెప్పి బయటికి తీస్తున్నారు, చివరికి బ్రౌజర్ వాటిని తెలుగుగా చూపుతోంది. కొత్త సాఫ్ట్‌వేర్ సత్యసంధురాలు. లాటిన్ అని రాసి ఉంటే లాటిన్‌గానే నమ్మి, దాన్ని యూనికోడ్‌లోకి శ్రద్ధగా తర్జుమా చేసి పెడుతుంది. కొంప మునిగేది ఆ శ్రద్ధ వల్లే.

అప్పుడేమవుతుందో తెలియాలంటే ‘పాట’ అన్న మాటనే చూడండి. కంప్యూటరుకు అది పకారం, దీర్ఘం, టకారం అని మూడు సంకేతాలు. యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు, వెరసి తొమ్మిది. తర్జుమా అయ్యాక ఈ తొమ్మిదీ తొమ్మిది పరాయి గుర్తులవుతాయి. ఈ మూడు సంకేతాల్లో ఒక్కోదానికీ నెత్తిన వాలుగీత ఉన్న ఇంగ్లీషు ‘ఏ’, దాని పక్కన జ్వరం కొలిచే డిగ్రీ సున్న. దీర్ఘం ఉన్నచోట ముప్పావు భిన్నం. గుడి ఉన్నచోట తలకిందుల ప్రశ్నార్థకం. గుడిదీర్ఘమైతే నేరుగా యూరో నాణెం గుర్తు. ‘శివశంకరీ’ చివర ఆ రాగాలాపన జరగవలసినచోట ఐరోపా కరెన్సీ ప్రత్యక్షమవుతుంది. ఘంటసాల ఊపిరి బిగబట్టి నిలిపిన దీర్ఘానికి ఇంతకన్నా అవమానం ఉండబోదు.

దీనికి మందు లేకపోలేదు. అక్షరాల గడిని ముందు ‘ఇది ఏ భాషా కాదు, ఉత్త బైట్ల మూట’ అని ప్రకటించాలి. ఆ తర్వాత ఆ మూటకు యూటీఎఫ్-8 అని కొత్త పేరు పెట్టాలి. బైటు ఒక్కటి కూడా కదలదు, పేరు ఒక్కటే మారుతుంది. సన్యాసాశ్రమ స్వీకారం సరిగ్గా ఇలాగే ఉంటుంది, పూర్వాశ్రమం రద్దయితే గాని కొత్త నామధేయం చెల్లదు. వరస తప్పి ముందే పేరు మార్చారా, తర్జుమా జరిగిపోయినట్టే. వెనక్కి తెచ్చుకోవచ్చు గాని, ఈలోగా సభ్యులు కొత్త వ్యాఖ్యలు రాసి ఉంటే మంచి తెలుగూ చెడిన తెలుగూ ఒకే గడిలో కలగలిసిపోతాయి. వేరుచెయ్యడం పరిష్కర్తల పని, ఆ జాతి అంతరిస్తోంది.

అక్షరాల తర్వాత తేదీలు. పాత డేటాబేస్ ఉదారమైనది. రికార్డు తేదీ తెలియదంటే సున్నా సంవత్సరం, సున్నా నెల, సున్నా తారీఖు అని రాసుకుని ఊరుకునేది. 5.7 నుంచి నియమం బిగిసింది, మామూలు అమరికలో సున్నా తేదీని లోపలికి రానివ్వదు. పాత పాటల సంఘంలో తెలియని తేదీలే ఎక్కువన్న సంగతి ఆ నియమం రాసినవారికి తెలియదు. తెలిసిన తేదీల పేచీ ఇంకొకటి. ‘భక్త ప్రహ్లాద’ విడుదల 1931 అని చిరకాలంగా చెప్పుకున్నారు, 1932 ఫిబ్రవరి 6 అని తర్వాతి పరిశోధన చూపింది. పాత సాఫ్ట్‌వేర్‌లో విడుదల తేదీ గడి ఖాళీ పలక లాంటిది గనక రెండూ రాసి, పక్కన చిన్న యుద్ధం కూడా రాసుకోగలిగారు. కొత్తది ఒకే తేదీ అడుగుతుంది. యుద్ధం ఏ గడిలో రాయాలి? నన్నడిగితే సంఘం ఆస్తిలో సగం ఆ యుద్ధాలే. తేదీలు పుస్తకాల్లో దొరుకుతాయి, ఎవరు ఎందుకు కాదన్నారన్నది ఇక్కడ తప్ప దొరకదు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో ‘వివాదం’ అని ఒక గడి కట్టించకుండా ఈ పని మొదలుపెట్టడం నాకు సమ్మతం కాదు.

‘పదిలమే’: ఇందలి ఏకారం నిశ్చయార్థకం. కవికి ఈ నిశ్చయం ఎక్కడిది? నకలు తీసి పెట్టామని సమాధానం. నకలు తీయడం వేరు, ఆ నకలు నుంచి సంఘాన్ని తిరిగి నిలబెట్టగలమని చూసుకోవడం వేరు. ఇంకో యంత్రం మీద నకలును విప్పి, పై క్రమముక్తి అంతా ఒకసారి జరిపించి, దీర్ఘాలున్నచోట ముప్పావులు రాలేదని వందల కొద్దీ పల్లవులు కళ్లతో చదివి, ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకుంటే అప్పుడు ఈ ఏకారం వాడుకోవచ్చు. ‘కొంతసేపు’ బదులు గంటల లెక్క కూడా అప్పుడే చేతికొస్తుంది. అందాకా ‘పదిలమే’ అనడం ఛందస్సు కోసం వేసిన మాట. గణం కుదిరింది, అంతే.

పాఠాంతరం: నాలుగో పాదం సంఘం వాట్సాప్ గుంపులో తిరిగిన ప్రతిలో ‘చింత కలదు మీకుఁ జిన్నదైన’ అని ఉంది. ఎవరి వేలు జారిందో తెలియదు. వలదు న గణం, కలదూ న గణమే. యతికి భంగం లేదు. చిన్నదైనా చింత ఉన్నదని అర్థం. కార్యదర్శి గారు ఇది లేఖకదోషమని కొట్టిపారేశారు. సర్వరు పని చూసే కుర్రవాడు ఒప్పుకోలేదు.

“మేష్టారూ, అదే ఉంచెయ్యండి. చింత ఉందంటేనే ఎవరి జాబితాలు వాళ్లు ఓసారి దించుకుని దాచుకుంటారు.”

“పద్యంలో భయపెట్టకూడదు నాయనా.”

“అయితే ఏ శనివారమో పద్యంలో చెప్పండి. మీరే రోజు చెప్పినా ఆలోగా నకలు విప్పి చూడ్డం అయ్యేలా లేదు.”

మేష్టారు మాట్లాడలేదు. పరిష్కర్తగా నేను ‘కలదు’ పాఠాన్ని మూలంలోకి తెచ్చి, ‘వలదు’ను అట్టడుగున చిన్న అక్షరాల్లోకి దించుతున్నాను.